సర్కారు బొమ్మలో కనబడ్డ మచ్చ

సహోదరులారా, అక్కలారా, మన పాస్టరు అయ్యగారు నన్ను రెండు మాటలు చెప్పుమన్నరు, రెండు మాటలతోని ఆగే నోరు కాదు నాదని మీకందరికి ఎరుకే, జర ఓపిక పట్టుండ్రి.

మా ఇంటాయన గీ గుడిల హార్మోని వాయిస్తడు, మీరు పాడుతరు. గా వేళ్లు ఒక యేడు మొద్దుబారినయి. హార్మోని మెట్టు మీద పెట్టిన వేలు ఎక్కడున్నదో ఆయనకే తెల్వకపోయేది, చిటికెన వేలు, దాని పక్కది వంగినయి, ఎంత గుంజినా సక్కగ కాలే. ఆయన సినిమా పాటలంటే పిచ్చోడు, నేను గంతకన్న పిచ్చిదాన్ని. నాట్లేసేటప్పుడు నా పాట వినేటందుకే ఆడోళ్లు నా పక్క వరుస పట్టేటోళ్లు. పడవ నడిపేటోని పాట ఒకటి ఉండె, అది ఆయన ఇంట్ల వాయిస్తే నాకు గోదారి మీద పోతున్నట్టే ఉండేది. గది విని మన సంఘం పెద్దలల్ల ఒకాయన, ఇప్పుడు లేడు, దేవుని పాట వాయించే చేతితోని సినిమా పాట వాయిస్తివి, దేవుడు నీ వేళ్లు ఎండబెట్టిండు అన్నడు. మా ఆయన నమ్మిండు. హార్మోనిని దుప్పట్ల చుట్టి అటుక మీద పెట్టిండు, సినిమాలు మానిండు, ఉపవాసాలు పట్టిండు. వేళ్లు ఇంకింత వంగినయి.

నాకు దేవుని మీద కోపమొచ్చింది, దాపెట్ట. మోకాళ్ల మీద కూసొని గట్టిగనే అడిగిన: "తండ్రీ, పాట ఇచ్చింది నువ్వు, వేళ్లు ఇచ్చింది నువ్వు. తప్పయితే నన్ను కొట్టు, వాయించుమన్నది నేనే కదా. తప్పు కాకుంటే గిది ఏందో నాకు సమజయ్యేటట్టు చూపెట్టు."

గా ఎండకాలం మంథనికి టూరింగ్ టాకీసు వచ్చింది, మా ఆడబిడ్డ నన్ను గుంజుకపోయింది. మీకు తెలుసు కదా, ఆడోళ్లం ముందుగాల పోయి ఇసుక మీద కొంగు పరిచి జాగ పట్టుకోవాలె, మొగోళ్లేమో అసలు సినిమా మొదలయ్యేదాంక బయటనే బీడీలు తాగుకుంట నిలబడ్తరు, ముందట వేసే సర్కారు ప్రచార బొమ్మను ఏ మొగోడూ చూడడు. మమ్ముల తోలుకొచ్చిన మా ఆయన గూడ బయటనే ఉన్నడు. నేను చూసిన. పాట లేదు, పట్టుచీర లేదు, ఎవరో ఒకాయన పుస్తకం చదివినట్టు చెప్పుకుంట పోతుండు. తెర మీద ఒక రైతు వీపు, వీపు మీద పాలిపోయిన మచ్చ. డాక్టరు ఆ రైతును కండ్లు మూసుకొమ్మని మచ్చ మీద ఈకతోని రాసిండు, రైతుకు తెల్వనే తెల్వలే. ఇది పెద్దరోగం, కుష్ఠు, జల్ది వస్తే గోళీలతోని పోతది, ఎవరి శాపం కాదు అని చెప్పిండు. గసొంటి మచ్చనే మా ఆయన వీపు మీద ఉన్నది, శోభి మచ్చ అనుకొని నేను పసుపు రాస్తున్న.

తర్వాత వేసిన సినిమా కథ ఇయ్యాల అడిగితే చెప్పలేను. ఇష్టపడి ఏడ్చుకుంట చూసిన సినిమాలన్ని ఒకదాంట్ల ఒకటి కలిసిపోయినయి, గా రైతు వీపు మాత్రం పోలే. మనం మెచ్చినకాడనే దేవుడు మాట్లాడాలని మనం అనుకుంటం, ఎవరూ చూడని బొమ్మల గూడ ఆయన మాట్లాడుతడు.

తెల్లారినంక పసుపు రాస్తనని ఆయనను బోర్ల పండుకొమ్మని, కోడి ఈక తెచ్చి మచ్చ మీద రాయబట్టిన. "రాస్తనంటివి, రాయవేందే?" అన్నడు. రాస్తనే ఉన్న. ఏడుపు బయటికి రాకుండ కొంగు నోట్ల కుక్కుకున్న. సంగతి చెప్తే అన్నం ముట్టలే, "ఊరు ఎల్లగొడ్తది, సంఘం ఎల్లగొడ్తది, నేను దవాఖానకు రాను" అన్నడు. "ఎల్లగొడ్తే ఇద్దరం పోదాం తియ్యి" అన్న.

ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుల పనికి పోయినమని మీరు అనుకున్నరు. మిల్లు లేదు, ఏం లేదు. మిషన్ దవాఖానల ఉన్నం, అయ్యగారికి ఒక్కరికే ఎరుక. ఆయన గోళీలు మింగిండు, నేను ప్రార్థన చేసిన, రోగం పోయింది, ఇగ ఎవరికీ అంటదని చెప్పి డాక్టరమ్మ మమ్ముల పంపింది. వంగిన రెండు వేళ్లు వంగినట్టే ఉన్నయి, మిగిలిన వేళ్లతోని వాయించుడు ఆయన అక్కడనే మళ్ల నేర్చుకున్నడు. పోయిన క్రిస్మసు నుంచి మీరు పాడుతున్నది గా వేళ్లతోని వాయిస్తేనే. దేవునికే మహిమ.

మా ఆయన దిక్కు చూడకుండ్రి, నా దిక్కు చూడుండ్రి. ఇన్నొద్దులు దాపెట్టినదాన్ని ఇయ్యాల ఎందుకు చెప్తున్ననంటే, గీ గుడిల కూసున్న ఒకరి ఒంటి మీద నేను గా మచ్చ చూసిన. పేరు చెప్ప, చచ్చినా చెప్ప. ఫికర్ చెయ్యకు బిడ్డా, ఎవరన్న ఏమన్న అంటే ముందుగాల మమ్ములనే అంటరు. రేపు పొద్దుగాల కరీంనగర్ పోయే బస్సు కాడ నేను నిలబడ్త, దవాఖానకు నేనే తోలుకపోత. నన్ను పలుకరించుడు గూడ అవసరం లేదు, వచ్చి నా పక్క సీట్ల కూసో, చాలు. మనల్ని చేసిన దేవుడు మనల్ని చూసి మొకం తిప్పుకోడు.

ఇగ మా ఆయన పాట ఎత్తుకుంటడు. పోయేటోళ్లు పోవచ్చు, మేము ఏమనుకోం. ఉండేటోళ్లు పాడుండ్రి.