మంచాలన్న వెనక పదిహేను అడుగులు

లెక్క వచ్చినవాడికి లోకమంతా వచ్చినట్టేనని నేను నమ్మిన కాలమది. తొంభైలు ముగుస్తున్నాయి, నాకు ఇరవై రెండు. కదిరిలో వేరుశనగ మండీలో బస్తాలు తూకం వేసేవాణ్ణి. బావిలోతు, బండిచక్రం చుట్టుకొలత, అన్నీ ఎవరూ నేర్పకుండానే పట్టుబడ్డాయి (ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ణి). మా పక్కగదిలో మంచాలన్న ఉండేవాడు. పుట్టుకతోనే చూపు లేదు. తన వంట తానే వండుకుని, ఒక్కడే బస్సెక్కి ఊళ్లు తిరిగి, నవారు మంచాలు అల్లి వచ్చేవాడు. ఏవో దేశాల్లో కుక్కలు చూపులేనివాళ్లను నడిపిస్తాయని రేడియోలో విని, ఒక వీధికుక్కను తెచ్చి, తోలుపట్టీకి కర్రపిడి కట్టి, తానే పని నేర్పాడు. అది ముసలిదయ్యాక బుడ్డి అనే పడుచు కుక్క వచ్చింది.

ఆ ఏడు వానల్లేక పల్లెల్లో మంచాలు అల్లించుకునేవాళ్లే కరువయ్యారు. అప్పుడు ఒక హాస్టల్లో నలభై మంచాల పని తగిలింది. దొరికితే అన్నకు ఆర్నెల్ల కూడు. కానీ వార్డెన్ మెలిక పెట్టాడు. "దినామూ నిన్ను పిల్చుకొచ్చేదానికి ఇంగో మనిషి కావాలంటే నాకు కుదరదప్పా. రేపు ఎనిమిదికి ఒక్కడివే రా, చూస్తా."

బుడ్డి పనిలోకి దిగి నెల కూడా కాలేదు. ఆ సాయంత్రమే నేను హాస్టల్ దాకా నడిచి, వెయ్యినూట పద్దెనిమిది అడుగులు, రెండు మలుపులు అని లెక్క తెచ్చి అప్పజెప్పాను.

"నీ అడుగులు నాకేటికప్పా? నీవి కొంగకాళ్లు."

"మరి కుక్కకు దారి తెలుసా అన్నా?"

"దానికి యాడ తెలుస్తాది? దారి నాది. గుంతలు దానివి."

నాకు నమ్మకం కుదరలేదు. మర్నాడు పొద్దున్నే, చప్పుడు కాకుండా చెప్పులు చంకలో పెట్టుకుని, పదిహేను అడుగులు ఎడం ఉంచి వెంటపడ్డాను. అన్న అడుగులకూ నా అడుగులకూ తేడా ఎంతొస్తుందో వేళ్లమీద వేసుకుంటున్నాను. రెండో మలుపు దగ్గర బుడ్డి ఆగింది, పక్కకు లాగింది, ఇద్దరూ చుట్టు తిరిగి పోయారు. ఎందుకు తిరిగారబ్బా అని ఆలోచిస్తూ నేను తిన్నగా నడిచి, నీళ్లపైపు కోసం కొత్తగా తవ్విన గుంతలో పడ్డాను.

"ఎవురది?"

"నేనే అన్నా."

"లెక్క యాడిదాకా వచ్చినాది?"

"ఏడువందల నలభై."

"గుంతలోతు గూడా కలుపుకో" అంటూ చెయ్యి అందించాడు. పైకొచ్చాను గానీ మోకాలు నిలవనివ్వలేదు.

"నన్ను ఈడనే ఇడ్సిపెట్టు అన్నా. నాతో వస్తే నీ పని పోతాది."

"కుంటోణ్ణి రోడ్డుమీద ఇడ్సిపెట్టి మంచాలల్లేదా? నడువు."

అన్నకు ఒక చేతిలో బుడ్డి పిడి, రెండో భుజం మీద నా చెయ్యి. గేటు దగ్గర వార్డెన్ మొహం ముడుచుకుంది.

"ఒక్కడివే రమ్మంటి గదప్పా. తోడు తెచ్చుకున్నావే?"

"నాకు తోడు కాదు సార్. ఈయప్పకు కండ్లుండాయి, గుంతలో పడినాడు. నేనే పిల్చుకొచ్చినా."

వార్డెన్ నా ఎర్రమట్టి చొక్కానూ, చంకలోంచి ఇంకా జారని చెప్పులనూ చూశాడు. "నిజమేనా?"

"నిజమే సార్" అన్నాను. నవ్వాపుకోలేక ఆయన నవారు ఉన్న గది చూపించాడు. మధ్యాహ్నానికి మొదటి మంచం అల్లి, బిగువు చూడాలన్న నెపంతో అన్న నన్నే దాని మీద పడుకోబెట్టాడు. బుడ్డి కింద పడుకుంది.

ఇప్పుడు నాకు యాభై నిండుతున్నాయి. ఆ మోకాలు అప్పుడప్పుడూ నొప్పి పెడుతుంది. అలాంటప్పుడు చెప్పులు చంకలో పెట్టుకున్న ఆ కుర్రవాణ్ణి తలచుకుని నవ్వుకుంటానే గానీ కోప్పడను. వాడు పడబట్టే గదా, అంతటి మనిషి భుజం మీద చెయ్యివేసి కాసేపు నడవగలిగాను.