వసంత టీచర్ కథలో మిల్లు దయ్యం

మా చిన్నప్పుడు... శుక్రవారం చివరి పీరియడ్‌లో వసంత టీచర్ క్లాసు కిటికీలన్నీ మూయించేవారు. పట్టపగలే గదిలో చీకటి. ఒకరి పావడా ఒకరం పట్టుకుని, బెంచీ మీద దగ్గరదగ్గరగా జరిగి కూర్చునేవాళ్ళం...

మాది తమిళనాడులో రాజపాళయం. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. టీచర్ మాకు లెక్కలు చెప్పేవారు. ఇంటికెళ్ళాక దయ్యం కథలు రాసేవారు. అవి ఓ తమిళ మాసపత్రికలో అచ్చయ్యేవి. పంపే ముందు ప్రతి కథా మాకు చెప్పి చూసుకునేవారు. మేం భయపడకపోతే ఆ కథ చించేయడమే!

కథ తమిళంలోనే నడిచేది. మరీ ఒళ్ళు జలదరించాల్సిన చోట మాత్రం గొంతు తగ్గించి, మా ఇళ్ళలో మాట్లాడే తెలుగులోకి దిగేవారు. ఆ మాటలు నేరుగా కడుపులోకి వెళ్ళి కూర్చునేవి...

నిజానికి టీచర్‌కే దయ్యాలంటే చచ్చేంత భయం. "బయం లేనోళ్ళకి బయం రాసేకి రాదే" అని నవ్వేవారు.

ఆ శుక్రవారం చెప్పిన కథ... నూలు మిల్లులో పనిచేసే ఒక తల్లి. పనిలోనే ప్రాణం పోయింది. ఆ సంగతి ఆమెకు తెలియదు. షిఫ్టు ముగిసిందని ఎప్పటిలాగే ఇంటికొచ్చింది. ఒళ్ళంతా దూది. "కన్నూ, తలుపు తియ్యి" అని కూతుర్ని పిలిచింది.

టీచర్ గొంతు తగ్గింది. దయ్యాన్ని మా ఇళ్ళలో పేయి అంటాం.

"పేయి అని ఎట్ల కనుక్కునేది తెలుసునా? పేయి రెప్ప వాల్చదు. అందుకే రెప్పల మింద దూది రాలకుండా అట్లే నిలిచి ఉంటాది..."

"కూతురు తలుపు తీసిందా టీచర్?" ఎవరో అడిగారు.

"తీయలే. తీసింటే ఈ కత చెప్పేకి ఎవురుంటారు?"

గంట కొట్టారు. ఒక్కరూ లేవలేదు.

మిగతా పిల్లలకు అది కథ. నాకు కాదు... మా అమ్మ నూలు మిల్లులోనే పనిచేసేది. నాన్న పక్క ఊరు సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాల దగ్గర ఉండేవాడు, పొద్దుపోయాకే వచ్చేవాడు. బడి నుంచి వచ్చాక ఇంట్లో నేనొక్కదాన్నే.

గడియ పెట్టుకుని మూల కూర్చున్నాను. దొడ్లో కుళాయి నీటిచుక్కలు పడుతుంటే ఎవరో నడుస్తున్నట్టే ఉంది. వీధి చివర టౌన్ బస్సు ఆగింది. చెప్పుల చప్పుడు... దగ్గరకొచ్చి మా గుమ్మం ముందు ఆగింది.

"పాపా, తలుపు తియ్యి."

కిటికీ సందులోంచి చూశాను. అమ్మే. జుట్టు తెల్లగా, కనుబొమలు తెల్లగా, రెప్పల మీద కూడా దూది. రోజూ అలాగే వచ్చేదేమో... అంత పరీక్షగా నేనెప్పుడైనా చూశానా! ఆ రోజు అమ్మ కళ్ళు ఎటో చూస్తూ నిలిచిపోయి ఉన్నాయి. రెప్ప వాలలేదు...

తలుపు దగ్గరకెళ్ళాను. గడియ మీద పెట్టిన చెయ్యి కదల్లేదు.

"ఏమే, నిద్రపోతివా? తియ్యి కన్నూ... తల తిరగతా ఉండాది."

కన్నూ! అమ్మ నన్నెప్పుడూ పాపా అనే పిలిచేది. కన్నూ అన్నది కథలోని పిలుపు.

"నువ్వు మా అమ్మ కాదు, పో!" అని అరిచాను.

 బయట దబ్బుమని చప్పుడు. టిఫిన్ క్యారియర్ మెట్ల మీద దొర్లిన మోత...

మళ్ళీ చూశాను. అమ్మ గడప ముందు పక్కకు ఒరిగిపోయి ఉంది.

 బయట ఉన్నది దయ్యమనే నా నమ్మకం. అది ఇసుమంత కూడా పోలేదు. తలుపు తీస్తే నేనిక ఉండనని కూడా అనుకున్నాను. ఏడుస్తూనే గడియ లాగాను...

అమ్మ చెయ్యి పట్టుకుంటే నిప్పులా కాలింది. జ్వరం!

నా కేకలకు అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది పక్క వీధిలో ఉండే వసంత టీచరే. షేర్ ఆటో ఆపి, అమ్మ తల ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. జ్వరంతోనే షిఫ్టంతా నిలబడి పనిచేసిందని అక్కడే తెలిసింది. ఆ నిలిచిపోయిన చూపూ, కన్నూ అన్న పిలుపూ జ్వరం మత్తులోవే. గ్లూకోజ్ ఎక్కాక అమ్మ కళ్ళు తెరిచి, "ఎందుకే తలుపు తీయలే?" అని అడిగింది.

వెక్కుతూ కథంతా చెప్పేశాను. టీచర్ ముఖం పాలిపోయింది.

"మరి కడాకి ఎందుకు తీసినావు పాపా? బయం పోయినాదా?"

"పోలే టీచర్. పేయి అయినా మా అమ్మే గదా... కింద పడిపోయినాది."

 టీచర్ చాలాసేపు అమ్మ జుట్టులోంచి దూది ఏరుతూ కూర్చున్నారు.

మరుసటి శుక్రవారం అదే కథ మళ్ళీ చెప్పారు. ఈసారి కూతురు తలుపు తీసింది. తల్లికి చెంబుతో నీళ్ళిచ్చింది. తల్లి తాగుతుంటే నీళ్ళన్నీ ఆమె ఒంట్లోంచి జారి నేల మీద పడుతున్నాయి... అది చూసి తల్లికి తను చనిపోయానని అర్థమైంది. కూతురి వైపు ఒక్కసారి చూసి, తనే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. మొదటిసారి కంటే ఎక్కువ భయపడ్డాం మేము. ఏడ్చాం కూడా.

పత్రికలో వచ్చింది అదే. అమ్మ నాతో చదివించుకుని విన్నది. "పాపం ఆ యమ్మ... దప్పికన్నా తీరి పోయింటే బాగుండు" అంది.

ఇప్పుడు మిల్లు బస్సులే ఆడవాళ్ళను వీధి మొదట్లో దింపి వెళుతున్నాయి. మా అబ్బాయి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్‌లో దయ్యాల వీడియోలు చూస్తాడు. భయం లేదా అంటే, తలెత్తకుండానే లేదంటాడు. మాకు భయమేస్తే క్లాసు మొత్తానికీ కలిసే వేసేది... ఈ పిల్లలు ఎవరికి వాళ్ళే, ఒంటరిగా భయపడుతున్నారేమో అనిపిస్తుంది.

మీకు చిన్నప్పుడు దయ్యం కథలు చెప్పి వణికించింది ఎవరు? వాళ్ళను ఓసారి తలుచుకోండి... ఆ కథ కాస్త మాకూ చెప్పండి.