ఎక్స్‌రే ముందు మామిడిపండు ఆవిరి

ఇరవై రెండేండ్ల వయసుల మనిషికి తెలియనిదంటూ ఉండదు. నాకైతే ఇంకొంచెం ఎక్కువే తెలిసేది. ఒమన్ దేశపు దుక్మ్‌ల కంపెనీ క్యాంపుల రెండేండ్లు గడిచి, అక్కడ ఉండనిచ్చే కార్డు రెన్యువల్‌కు మెడికల్ పరీక్ష దగ్గర పడ్డది. ఛాతీ ఎక్స్‌రేల మచ్చ కనపడితే అన్‌ఫిట్ రాసి ఇంటికి పంపుతరని రూమంత ఒకటే ముచ్చట. రోజుకో పాకెట్ సిగరెట్లు ఊదేటోణ్ని, నాకు బువ్వ సయించలే. అప్పుడు మా బావ (మా అక్క మొగుడు, ఆయన మాటే మా రూముకు హైకోర్టు) రంగు పెన్నులాంటి ఈ-సిగరెట్ ఒకటి చేతుల పెట్టిండు. "ఇది పొగ కాదు బామ్మర్ది, ఆవిరి. జలుబు చేస్తే దుప్పటి కప్పుకొని ఆవిరి పట్టమా? లోపలంత కడిగేస్తది," అన్నడు.

ఆ దేశంల దాన్ని అమ్మొద్దని సర్కారు ఎన్నడో బందుపెట్టింది. ఆ సంగతి తెలిసినంక నా నమ్మకం ఇంకింత గట్టిపడ్డది. దుకాణంల బాజాప్తా దొరికే సిగరెట్ డబ్బ మీదనేమో పాడైన ఊపిరితిత్తుల బొమ్మ. దాసిపెట్టి అమ్మే దీని మీద నిగనిగలాడే మామిడిపండు. మంచి సరుకైతేనే కదా దాస్తరు అనుకున్న. సిగరెట్లు మానేసి, నెల రోజులు పొద్దున లేస్తే అదే, డ్యూటీ దిగితే అదే (సిగరెట్ అయితే ఆరినప్పుడన్న ఆగుతం, దీనికి ఆరుడే లేదు). దగ్గొస్తే, లోపలి మురికి కదులుతున్నదని సంబురపడ్డ.

మెడికల్ నాడు, గోదావరి దిక్కు సిస్టరమ్మ ఒకామె పొగ తాగుతావా అని అడిగింది. మానేసిన, నెల నుంచి ఆవిరే పడుతున్న అని గర్వంగా జేబుల నుంచి తీసి చూపించిన. ఆమె అటూ ఇటూ చూసి, నా చెయ్యి మీద ఫైలు కప్పింది.

"లోపల పెట్టు బాబూ. ఇది ఇక్కడ నిషేధం. ఆవిరని ఎవరు చెప్పారు నీకు?"

"మా బావ, సిస్టర్."

"మీ బావ డాక్టరా?"

"షట్టరింగ్ కార్పెంటర్."

ఆమె నవ్వలే. కాలే పొగ లేకపోవచ్చు గానీ సిగరెట్‌ల ఉండే నికోటినే దీంట్లనూ ఉంటదని, ఇది ఛాతీని కడిగేది కాదని నిమ్మళంగా చెప్పింది. ఎక్స్‌రే గదిల ఊపిరి బిగబట్టమని వాళ్లు చెప్పకముందే బిగబట్టిన.

ఫిట్ అని వచ్చింది. వచ్చే తొవ్వలనే ఆ పెన్ను చెత్తడబ్బల పడేసిన. సాయంత్రానికి మాత్రం చేతులు ఆగలే. దుకాణానికి పోయి, చాటుగా కాదు, నలుగురి ముందట పాకెట్ సిగరెట్లు కొన్న. ఇక మీదట సర్కారు మాట జవదాటని బుద్ధిమంతుణ్నని మురిసిపోతూ అక్కడనే ఒకటి వెలిగించిన. ఆ ఇరవై రెండేండ్ల పిలగాడు యాదికొస్తే ఇప్పుడు కోపం రాదు. తెలివి తక్కువోడే గానీ, వానికున్నంత ధీమా మళ్ల నాకెన్నడు దొరకలే.