మొహమాటానికి చదివిన నవల

డిసెంబరు చివర్లో మా పాఠకుల వాట్సాప్ గ్రూపులో అందరం ఆ ఏడాది చదివిన పుస్తకాల జాబితా పెడతాం. నేను ఎదురుచూసేది మాత్రం ఉండిలో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారి జాబితా కోసం. మా ఏలూరుకీ ఆయన ఊరికీ మధ్య కొల్లేరు, అంతే. "ఓసారి రండి" అని ఆయనా, "తప్పకుండానండీ" అని నేనూ రాసుకోవడమే గాని, ఒకరినొకరం చూసుకున్నది లేదు.

నిరుడు ఆయన ఒక నవల చదవమన్నారు. కొన్నాను గాని తెరవలేదు. పది రోజులకే, "చదివారాండీ?" అని మెసేజీ పెట్టారు. లేదనడానికి మొహమాటం.

"చదివానండీ, చాలా బాగుంది."

"ఆ పడవవాడు తిరిగొచ్చే ఘట్టం ఎలా ఉందండీ?"

"కళ్ళు చెమర్చాయండీ."

"సంతోషమండీ" అన్నారు. ఇంకేమీ అడగలేదు.

ఈ డిసెంబరులో ఆయన జాబితా రాలేదు. బెంగపడి ఆ నవల తీశాను. నిజంగానే బాగుంది. కానీ ఎంత వెతికినా అందులో పడవా లేదు, పడవవాడూ లేడు. అబద్ధమని తెలిసి కూడా ఒక్క మాట అనలేదు ఆ మనిషి! నా మీద నాకే ఒళ్ళు మండింది.

"మాస్టారూ, ఇందులో పడవవాడు లేడండీ" అని వెంటనే రాశాను.

జనవరి సగం గడిచింది. ఆ మెసేజీ పక్కన రెండో టిక్కు ఇంకా పడలేదు.