పండుకోబెట్టే డ్రిల్లు మాస్టారు

మా రంగనాయకులు మాస్టారు డ్రిల్లులో ఇచ్చే ఆజ్ఞ ఒక్కటే: "పండుకో!" విజిలు ఊదగానే నలభైమంది మగపిల్లలు సరుగుడు తోపు నీడన ఇసుకలో వాలిపోయేవాళ్లు. అరనిమిషంలో గురకలు. ఆయన మాత్రం తువ్వాలుతో ఈగలు తోలుతూ వరసల మధ్య తిరిగేవాడు. సముద్రపొడ్డునున్న ఆ పాళెం బడికి హెడ్మాస్టరుగా వచ్చిన మొదటిరోజే ఈ దృశ్యం చూసి మాస్టారిని పక్కకు పిలిచాను.

"ఏందయ్యా ఇది?"

"డ్రిల్లు సార్. మొదటి పాఠం."

"మరి రెండోది?"

"మొదటిదే సరిగ్గా రాలా సార్. ఆ మూలోడు చూడండి, ఇంకా కదలతన్నాడు."

అరవై రెండులో పైనుంచి కొత్త డ్రిల్లు పుస్తకం వచ్చింది. పరుగు, హైజంపు, తాడులాగుడు. మాస్టారు చివరి అట్టదాకా వెతికి నివ్వెరపోయాడు.

"పండుకునేది యాడా లేదే సార్!"

మూడు నెలలు బతిమాలాను, తిట్టాను. "ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఉద్యోగం పోతుందయ్యా!"

"పోతే పోనీండి. పిల్లకాయల నిద్ర మాత్రం చెడగొట్టబాకండి."

ఇన్‌స్పెక్టరు రానే వచ్చాడు. కొత్త పాఠం చూపకపోతే డ్రిల్లు పోస్టే రద్దన్నాడు. చేసేది లేక తాడు తెప్పించాను. అటు ఎనిమిదిమంది పిల్లలు, ఇటు మేం ఆరుగురు పంతుళ్లం.

విజిలు మోగింది. పిల్లలు వెనక్కి నడుస్తూ లాగారు. చివరివాడు తాడు వదిలి ముందుకు పరిగెత్తి మళ్లీ పట్టుకున్నాడు. వాడి వెనక ఇంకొకడు. గీత దాటాం, జెండాకర్ర దాటాం, బోర్లాపడి తోపులోకి ఈడ్చుకుపోతున్నాం.

"గెలిచారు! ఆపండ్రా!" అని ఇన్‌స్పెక్టరు అరిచాడు.

"వల ఇంకా ఒడ్డుకి రాలా సార్!" అన్నారు పిల్లలు లాగుతూనే.

ఆయన దగ్గరికొచ్చాడు. ఒకడి చెయ్యి పట్టి చూశాడు. అరచెయ్యి తోలు ఊడి ఎర్రగా ఉంది.

"తెల్లారుజామున నాలుగింటికే పెద్దవల లాగి వస్తారు సార్," అన్నాడు మాస్టారు నేల చూపులు చూస్తూ. "మళ్లా పరిగెత్తిస్తే బడికే రారు. అందుకే పండుకోబెడతన్నా."

మూడు నెలలు తిట్టాను గానీ, ఎందుకని ఒక్కసారీ అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇన్‌స్పెక్టరు ఇసుకలోనే కూర్చుని రిపోర్టు రాశాడు. పోస్టు ఊడిందనుకుంటూ తొంగి చూశాను: "ఈ బడిలో డ్రిల్లు తెల్లవారుజామున నాలుగు గంటలకే పూర్తియగుచున్నది. డ్రిల్లు మాస్టరు పని తృప్తికరము. హెడ్మాస్టరునకు తాడులాగుటలో శిక్షణ అవసరము."