పెద్దమ్మ రావు ఎవరు?

కరోనా తగ్గాక వచ్చిన రెండో వేసవి. బిలాస్‌పూర్ స్టేషన్‌కి దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను మెడికల్ రికార్డ్స్ ఇన్‌చార్జిగా ఉన్నాను. ఓపీడీ కౌంటర్ వెనక అద్దాల గదిలో కూర్చుని రోగుల అకౌంట్లు చూసుకోవడం నా ఉద్యోగం.

ఆసుపత్రికి మొదటిసారి వచ్చిన ప్రతి మనిషికీ కంప్యూటర్‌లో ఒక అకౌంటు తెరుస్తాం. దానికో నంబరుంటుంది, యూహెచ్‌ఐడీ అంటాం. ఆ మనిషి మళ్లీ ఎన్నేళ్లకి వచ్చినా అదే నంబరు నడవాలి. కానీ జనం పాత కార్డు ఇంట్లో మరిచిపోయి వస్తారు. వెనక వరసలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. కౌంటర్లో ఉన్నామె వెతికే తీరిక లేక కొత్త అకౌంటు తెరిచేస్తుంది. అలా ఒకే మనిషి రెండు మూడు చోట్ల ముక్కలుగా పడి ఉంటుంది. మందులు ఒకచోట, రిపోర్టులు ఇంకోచోట. ఆ ముక్కల్ని వెతికి, అన్నీ ఒకరివేనని తేల్చుకుని, ఒకే అకౌంటుగా కలపాలి. దాన్ని మెర్జ్ అంటాం. కలపడానికి ఒక్క నొక్కు చాలు. తప్పుగా కలిస్తే విడదీయడం మాత్రం మహా కష్టం.

ఈ ఊళ్లో మనవాళ్ల పేర్లతో వచ్చే చిక్కు వేరు. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి లోకో షెడ్డులో ఫిట్టరుగా చేరారు. నేను పుట్టింది రైల్వే క్వార్టర్లోనే. ఇంటిపేరు ముందుండాలని మనమంటాం, వెనకుండాలని సాఫ్ట్‌వేర్ అంటుంది. మన ఇంటిపేర్లు నోరు తిరక్క కౌంటర్లో తెలుగువాళ్లందరికీ ‘రావు’ తగిలిస్తారు, ఆడవాళ్లకి కూడా. పుట్టినరోజు ఎప్పుడంటే పెద్దవాళ్లు నవ్వుతారు. వయసు మాత్రం చెబితే సాఫ్ట్‌వేర్ తనంతట తానే జనవరి ఒకటి వేసేస్తుంది. నా కంప్యూటర్లో సగం రైల్వే కాలనీ జనవరి ఒకటినే పుట్టింది.

ఆ రోజు భోజనానికి లేవబోతుంటే ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. “మేడం, పానిక్ వాల్యూ. పొద్దుటి ఓపీడీ శాంపిల్. పొటాషియం ఏడు దాటింది. మళ్లీ చేసి చూశాం, అంతే వచ్చింది. పేషెంటు ఫోన్ కలవడం లేదు.”

వెంటనే మనిషిని పట్టుకోకపోతే ప్రాణం మీదికి వచ్చే రిపోర్టుని పానిక్ వాల్యూ అంటారు. రక్తంలో పొటాషియం అంత పెరిగితే గుండె ఏ క్షణాన్నైనా ఆగిపోవచ్చు. పైకి మాత్రం మనిషి మాట్లాడుతూ, నడుస్తూనే ఉంటుంది.

అకౌంటు తెరిచాను. ఆ పొద్దున్నే కొత్తగా తెరిచింది. పేరు ‘పెడమ్మ రావు’ అని ఇంగ్లీషులో ఉంది. స్త్రీ, అరవై పైబడిన వయసు. చిరునామా ‘రైల్వే కాలనీ’ అని మాత్రమే. ఉన్న ఒక్క మొబైల్ నంబరుకి నేనూ చేశాను. స్విచాఫ్.

స్క్రీన్ పక్కన ఎర్రగీత వెలిగింది. ‘ఈ రోగికి ఇదివరకే అకౌంటు ఉండవచ్చు’ అని సాఫ్ట్‌వేర్ ఇంకో పేరు చూపించింది. పైడమ్మ రావు. స్త్రీ. దాదాపు అదే వయసు, అదే జనవరి ఒకటి. చిరునామా అరపా నది అవతల రాజ్‌కిశోర్ నగర్. బీపీ, షుగరు ఉన్నాయి. మొబైల్ నంబరు వేరు.

నాకు అనుమానం కలగలేదు. పైడితల్లి అమ్మవారి పేరు పెట్టుకున్న ఆడవాళ్లు మా కాలనీలో ఎందరో. హిందీవాళ్ల చెవికి పైడమ్మ పెడమ్మగా వినపడటం, అలాగే కంప్యూటర్లోకి ఎక్కడం నేను చాలాసార్లు చూశాను.

అప్పటికే ఫిజీషియన్ మేడం నా గదిలోకి వచ్చేసి నిలబడి ఉంది. “భవానీ, ఆవిడ పాత మందులేమిటో నాకిప్పుడే కావాలి. ఇద్దరూ ఒకరేనా? అయితే కలిపెయ్యి. అంబులెన్స్ పంపుదాం.”

“ఒక్క ఫోన్ చేసి కలుపుతాను మేడం” అని పైడమ్మ నంబరుకి చేశాను. మోగీ మోగకముందే ఎత్తారు.

“పైడమ్మగారేనా అమ్మా?”

“అవునమ్మా. ఎవులు?”

“ఆసుపత్రి నుంచి. పొద్దున్న మీరు మా దగ్గరికొచ్చారా?”

“ఒచ్చినాను. ఇప్పుడే ఇంటికొచ్చి కూకున్నాను. ఏటమ్మా, ఏటైనా మర్సిపోనామా అక్కడ?”

“రక్తం రిపోర్టులో తేడా ఉందమ్మా. కంగారు పడకండి. కాళ్లలో సత్తువ తగ్గినట్టుందా?”

ఆవిడ గొంతు మారిపోయింది. “ఓలమ్మో... ఉన్నాదమ్మా. మెట్లెక్కుతుంటే కాళ్లు లాగేత్తన్నాయి. గుండె కూడా దడదడలాడతన్నాది. నాకేటయ్యిందమ్మా?”

నేను ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి మేడం వైపు చూసి తల ఊపాను. ఆవిడే. మేడం పరుగున వెళ్లి అంబులెన్స్‌ని రాజ్‌కిశోర్ నగర్‌కి పంపింది. ఐసీయూలో మంచం సిద్ధం చేయమంది, పొటాషియం దించే ఇంజెక్షన్లు బయటికి తీయమంది.

ఫోన్లో పైడమ్మగారు ఏడుస్తోంది. ఇంట్లో ఎవరూ లేరట. కొడుకు ఊరిచివర కోనిలో పనికి వెళ్లాడట. “మా అమ్మాయి సునీత కూడా నేదు, అప్పని బండెక్కించడానికెల్లింది” అంది. నేనా మాటని పట్టించుకోలేదు. మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చోమని చెబుతూ మౌస్‌ని మెర్జ్ మీదికి తీసుకెళ్లాను.

మెర్జ్ చేసే ముందు నాకో అలవాటుంది. పేరూ ఊరూ కాకుండా, ఆ రోజు ఆసుపత్రిలో జరిగినది ఏదైనా ఒకటి అడుగుతాను.

“పొద్దున్న రక్తం ఏ చేతినుంచి తీశారమ్మా?”

“నాకెక్కడ తీసినారు? రగతం మా అప్పకి కదా తీసింది.”

అప్ప అంటే అక్క; నేను మౌస్ మీంచి వేలు తీసేశాను.

“మీ అప్ప ఎవరమ్మా? పేరేంటి?”

“నారాయనమ్మ. మా పెద్దప్ప. పార్వతీపురం నించి నన్ను సూడ్డానికొచ్చింది. కాళ్లు తూలిపోతన్నాయంటే, ఎల్లేముందు డాట్రుకి సూపిద్దారని మా అమ్మాయి సునీతా నేనూ తీసుకొచ్చినాం.”

“మరి ఇక్కడ పెడమ్మ అని ఉందే?”

“పెద్దమ్మా? మా సునీతకి పెద్దమ్మే కదా.”

అద్దం అవతల కౌంటర్లో ఉన్న సాహు దీదీని పిలిచాను. నాకంటే పెద్దది, ఛత్తీస్‌గఢీ ఆవిడ. పొద్దున్న ఆ పెద్దావిడతో వచ్చిన అమ్మాయి ఆమెకి గుర్తే ఉంది. “మాతాజీ పేరేమిటని అడిగాను. ఆ పిల్ల వెనక్కి తిరిగి ‘పెద్దమ్మా’ అంది. అదే పేరనుకున్నాను” అంది. నా ముఖం చూసి ఆమె ముఖం పాలిపోయింది.

“మీ అప్ప ఇప్పుడెక్కడుందమ్మా?” అని ఫోన్లో అడిగాను.

“టేసన్లో. ఇశాపట్నం బండికి ఎల్లిపోతన్నాది.”

“సునీత నంబరు చెప్పండి, బేగి.”

“నంబరు సెప్పడం రాదమ్మా నాకు. దాని బొమ్మ మీద నొక్కితే ఎల్తాది.”

“అయితే నా ఫోన్ పెట్టేసి ఆ బొమ్మ నొక్కండి. ఎత్తేదాకా నొక్కుతూనే ఉండండి. పెద్దమ్మని బండి ఎక్కనివ్వొద్దని చెప్పి, నాకు ఫోన్ చేయమనండి.”

అంబులెన్స్ డ్రైవర్ అప్పటికే అరపా వంతెన మీద బస్సుల మధ్య ఇరుక్కున్నాడు. వెనక్కి తిప్పి స్టేషన్‌కి రమ్మన్నాను. అతను వచ్చేదాకా ఆగే వీల్లేదు. సాహు దీదీ అడక్కుండానే తన స్కూటీ తాళం తీసుకుంది. ఆమె నడిపింది, నేను వెనక కూర్చున్నాను. ఎండకి కళ్లు మండుతున్నాయి. నారాయణమ్మ ముఖం నేనెప్పుడూ చూడలేదు. అంత పెద్ద స్టేషన్లో ఆవిణ్ణి ఎలా పట్టుకోవాలి?

ఫుట్‌బ్రిడ్జి మెట్లెక్కుతుండగా ఫోన్ మోగింది. “దీదీ, నేను సునీతని. అమ్మ ఏదో ఏడుస్తోంది, అర్థం కావట్లేదు. పెద్దమ్మని ఎక్కించేశాను. ఎస్ ఫోర్. బండి కదిలే టైమైంది.”

“దింపు. వెంటనే దింపు.”

పరుగెత్తాను. ఎస్ ఫోర్‌లో కిటికీ పక్క సీట్లో ఒక బక్కపలచని ముసలావిడ ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. ముఖం ఉబ్బినట్టుంది. సునీత చెయ్యి పట్టి లాగుతుంటే విదిలించుకుంటోంది.

“నాను దిగను. నా ఇడ్లీ పొయ్యి మూసి ఎన్నాళ్లయ్యింది? ఇంకా ఎల్లకపోతే గిరాకీ మరొకలి కాడికి పోతాది.”

సునీత నాకు చెప్పుకొచ్చింది. “రిపోర్టు చూసి వెళ్లమన్నారు దీదీ. వాట్సాప్‌లో వస్తుంది కదా అని వచ్చేశాం. మా ఇంటి అడ్రసూ, మా ఆయన నంబరూ ఇచ్చాను. ఆయనేమో గూడ్స్ మీద ఉన్నారు.” ఇంజన్ నడిపేవాళ్లు డ్యూటీలో ఫోన్ కట్టేసుకోవాలి. స్విచాఫ్ ఎందుకొచ్చిందో అప్పుడు తెలిసింది.

నేను నారాయణమ్మగారి ముందు కూర్చుని, దాచకుండా చెప్పాను. “అమ్మా, మీ రక్తంలో ఉండకూడనంత ఉప్పు ఉంది. గుండె ఆగిపోతుంది. దారిలో సూది వేసేవాళ్లు ఎవరూ ఉండరు.”

“ఉప్పా? నాను సప్పిడి తింటన్నాను కదా” అంది. “సూడు, నాకేటయ్యిందో” అంటూ లేవబోయింది. మోకాళ్లు నిలవలేదు. సగం లేచి మళ్లీ సీటు మీద కూలబడింది. అప్పుడు మొదటిసారి ఆవిడ కళ్లలో భయం చూశాను.

బండి ఒక్క కుదుపు కుదిపి కదిలింది.

మాది రైల్వే ఇల్లు. ఊరికే చెయిన్ లాగేవాళ్లని మా నాన్న శత్రువుల్లా చూసేవాడు. నేను పైకి చెయ్యెత్తి, రెండు చేతులతో లాగాను.

బండి ఆగింది. పోలీసులు వచ్చారు. సాహు దీదీ ఆసుపత్రి కార్డు చూపించి, తన భాషలో గట్టిగా వాళ్లకి చెప్పుకుంది. వాళ్లే స్ట్రెచర్ తెప్పించారు. మేం గేటు దాటేసరికి అంబులెన్స్ వచ్చి ఉంది.

ఈసీజీ చూడగానే మేడం వరసగా ఇంజెక్షన్లు చేయించింది, తరవాత డయాలసిస్‌కి పంపింది. మోకాళ్ల నొప్పులకి మందుల షాపులో అడిగి కొనుక్కున్న మాత్రలు ఆవిడ నెలల తరబడి వేసుకుందట. బీపీ మాత్రతో కలిసి అవి కిడ్నీలని దెబ్బతీశాయి. బండి రాయపూర్ చేరేలోపే ఏమైనా జరిగి ఉండేదని మేడం తరవాత అంది. ఇంకో మాట కూడా చెప్పింది. మేం పైడమ్మగారిని తీసుకొచ్చి ఆ సూదులు వేసి ఉంటే, బాగున్న మనిషిని మేమే ప్రమాదంలోకి తోసేవాళ్లం.

పైడమ్మగారు ఆటోలో వచ్చి ఐసీయూ బయట నేల మీద కూర్చుంది. కాళ్ల నొప్పులని చెప్పింది కదా అని ఆమె రక్తం కూడా చూశారు. ఏమీ లేదు. “నువ్వు అడిగినావు, నాకు ఉన్నట్టే అనిపించిందమ్మా” అంది సిగ్గుపడుతూ.

సాహు దీదీ భోజనం డబ్బా విప్పకుండా అలాగే కూర్చుని ఉంది. “నేను రాసిన పేరే కదా” అంది. ఆ పేరుని పైడమ్మగా చదివింది తెలుగు రాని ఆమె కాదు, తెలుగు వచ్చిన నేను. ఆ మాటే ఆమెతో చెప్పి, డబ్బా విప్పించాను.

వారం తిరక్కముందే నారాయణమ్మగారు లేచి కూర్చుంది. అకౌంటులో పేరు సరిచేయడానికి ఆధార్ కార్డు అడగడానికి వార్డుకి వెళ్లాను. పేరు ఇంత తప్పుగా ఉంటే ఎవరికీ చెప్పలేదేమని అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసింది.

“కాయితం మీద ఏటి రాసినారో నాకేటి తెలుసు? డాట్రు మాతాజీ అన్నాది. సూదేసిన నర్సు గుంట అమ్మా అన్నాది. నా పేరు నన్నెవులూ అడగనేదమ్మా. అడిగితే సెప్పనా?”

గదికి తిరిగొచ్చి ఎర్రగీత మీద ‘ఒకరు కాదు, ఇద్దరు’ అని గుర్తు పెట్టాను. కౌంటర్లో పద్ధతి మార్చాం. వెంట వచ్చినవాళ్లు ఎంతమందున్నా, మాట్లాడగలిగిన రోగి తన పేరు తానే చెప్పాలి. కౌంటర్లో ఉన్నామె దాన్ని మళ్లీ చదివి వినిపించి, అవునా అని అడగాలి. వరస పొడుగవుతోందని జనం ఇప్పటికీ గొణుగుతారు.

ఒక మనిషి రెండు అకౌంట్లలో ఉంటే మళ్లీ పరీక్షలు చేయిస్తాం, ఖర్చవుతుంది, చిరాకవుతుంది. ఇద్దరు మనుషులు ఒక అకౌంటులో కలిసిపోతే వాళ్లలో ఒకరు మాయమైపోతారు. ఇద్దరూ ఒకరేనని చెప్పే గుర్తులు వెతికితే ఎన్నైనా దొరుకుతాయి. ఆ రోజు నాకు పేరు దొరికింది, వయసు దొరికింది, ఆఖరికి కాళ్ల నొప్పి కూడా దొరికింది. అందుకే మెర్జ్ మీద వేలు పెట్టే ముందు, వాళ్లు ఒకరు కాదని చెప్పే ఒక్క గుర్తు కోసం వెతుకుతాను. అది దొరకలేదని రూఢి అయ్యాకే నొక్కుతాను.