మా అమ్మ డ్యూటీ పాట

నా పేరు మార్తమ్మ. వయసు డెబ్బై దాటింది. భిలాయి సెక్టర్ 4 క్వార్టర్‌లో కొడుకు ప్రసాదుతో, కోడలితో ఉంటున్నాను. నాకు చదువు రాదు. నేను చెప్తుంటే పక్క క్వార్టర్ కుమారి ఫోన్‌లో రాస్తోంది. ఇది నా కొడుకు మీద నా ఫిర్యాదు. ఒక్క మాట కూడా మెత్తబరచొద్దని కుమారికి ముందే చెప్పాను...

మా చిన్నప్పుడు... అయ్య ఫస్ట్ షిఫ్టుకి బయల్దేరితే అమ్మ గుమ్మంలో నిలబడి పాడేది. శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి ఉక్కు ప్లాంటు పనికని వచ్చిన కుటుంబం మాది. అయ్య సైకిలు మలుపు తిరిగినా పాట ఆగేది కాదు. ప్లాంటు సైరను, మేం భోంపు అంటాం, అది మోగేదాకా సాగేది. మోగిందంటే అయ్య గేటు లోపలికి వెళ్ళిపోయినట్టే. అప్పుడు ఆపేసేది... పదం సగంలో ఉన్నా సరే. "మిగిలింది రేపు" అనుకుంటూ పొయ్యి దగ్గరకి వెళ్ళిపోయేది. నేనూ తమ్ముడు సామ్యేలూ బొంత కిందనుంచే వినేవాళ్ళం.

ఆ పాట ఏ కీర్తనల పుస్తకంలోనూ లేదు. కాలుతున్న ఇనుము పక్కన నిలబడే మనిషిని చల్లగా చూడు తండ్రీ అని అమ్మే కట్టుకుంది. మనిషి డ్యూటీకి బయల్దేరితేనే పాడేది. చర్చిలో పాడమని ఎంతమంది అడిగినా, "అది డ్యూటీ పాట, మీటింగులకి కాదు" అనేసేది.

అయ్య పోయాక సామ్యేలు కోసం పాడింది. వాడికీ ప్లాంటులోనే పని. కొన్నాళ్ళకి వాడొక కంప్యూటర్ కొన్నాడు... వెనక పెద్ద డొక్క ఉన్న టీవీలాంటిది. అమ్మకి వయసైపోతోంది, గొంతు పట్టి ఉంచుదామని వాడి ఆశ. మైకు ముందు పెడితే అమ్మ నోరు విప్పలేదు.

"డబ్బాకి డ్యూటీ ఏటిరా?" అంది.

ఇలా కాదని వీక్లీ ఆఫ్ రోజున సామ్యేలు పొద్దున్నే డ్యూటీ బట్టలేసుకున్నాడు. హెల్మెట్ పెట్టుకుని, టిఫిను డబ్బా తగిలించుకుని, మైకు కిటికీ తెర వెనక దాచి, కంప్యూటర్ ఆన్ చేసి మరీ బయల్దేరాడు. నేను లోపల కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంటున్నాను. అమ్మ గుమ్మంలోకొచ్చి పాడింది. మొత్తం పాడింది. వాడు సందు చుట్టి తిరిగొచ్చేసరికి తిట్లు మొదలెట్టింది.

"ఛుట్టీ రోజున ఈ ఏషమేటిరా, దొంగెదవా! నాకు తెల్దనుకున్నావేటి?"

తెలిసే పాడింది! ఆ తిట్టు కూడా పాటతో పాటే రికార్డయింది...

అమ్మ పోయింది. పోయినేడు సామ్యేలూ పోయాడు. మరదలు మరోదా సెక్టర్‌లో వాళ్ళ క్వార్టర్ ఖాళీ చేస్తూ ఆ కంప్యూటర్ నాకిచ్చింది. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను.

ప్రసాదు దుమ్ము దులిపి, వైర్లు తగిలించి, స్పీకర్లు వెతికి పెట్టాడు. తెర వెలిగేసరికి నా కూర ఉడికిపోయింది. తెర మీదున్న పాట బొమ్మ నొక్కాడు. అమ్మ గొంతు వచ్చింది... రెండు మాటలు వచ్చి ఆగిపోయేది, కాసేపటికి మళ్ళీ అందుకునేది. ముసలి మిషను, ముసలి గొంతు, రెండూ ఆయాసపడుతూనే పాడాయి. నాకదే చాలురా అన్నాను.

వింటేనా?

"అటక్ అటక్ అవుతంది కదమ్మా. మార్కెట్లో మెకానిక్ భయ్యాకిస్తే సాఫ్ చేసీసి ఇస్తాడు."

"పాటకేటైనా అయితే?"

"పెన్‌డ్రైవ్‌లో ఎక్కించీసాను. ఏటీ అవదు."

లోపల దాచుకోవలసినవేమైనా ఉన్నాయా అని ఆ మెకానిక్ అడిగాడట. అడగడం ఆయన ధర్మం, అడిగాడు. "కుఛ్ నహీ భయ్యా, సబ్ లే లియా" అన్నాడట నా కొడుకు, ఏమీ లేవు, అన్నీ తీసేసుకున్నానని. ఆయన మొత్తం తుడిచి, కొత్తగా లోడ్ చేసి ఇచ్చాడు.

కంప్యూటర్ చురుగ్గా తిరిగొచ్చింది. పెన్‌డ్రైవ్ పెట్టారు. పాట పేరుంది. నొక్కితే చప్పుడు లేదు. మళ్ళీ నొక్కారు. స్పీకర్ వైరు పీకి పెట్టారు. కుమారిని పిలిస్తే వచ్చి చూసింది. పెన్‌డ్రైవ్ పీకి మళ్ళీ పెట్టింది.

"అత్తా... తెర మీద బొమ్మని ఎక్కించినారు. అది పాట కాదు. పాట ఫలానా చోట ఉందని చెప్పే గుర్తు, అంతే. పాట మిషను లోపలే ఉండిపోయింది."

ఆ లోపలిదే కదా తుడిచేసింది... ఇంటి అడ్రసు జేబులో పెట్టుకుని ఇల్లు కూల్చేసి వచ్చాడు నా కొడుకు.

తుడిచినవి కూడా వెనక్కి తీసేవాళ్ళుంటారంటే రాయ్‌పూర్‌లో ఒకాయన దగ్గరికి మోసుకెళ్ళాం. అప్పటికే మావాళ్ళు దాన్నిండా సినిమాలు నింపేశారు. రెండు పెళ్ళి ఫోటోలు తీసిచ్చాడు ఆయన. పాట ఉన్న చోట సినిమాలు పడిపోయాయి, ఇక దొరకదన్నాడు.

ప్రసాదు ఏడ్చాడు. ఏడవలేదని నేననను. తర్వాత మెల్లగా అన్నాడు, "పాట నీకొచ్చు కదమ్మా, నువ్వు పాడు, ఫోన్‌లో పట్టీస్తాను."

"పాట నాకొచ్చురా. మా అమ్మెలా వస్తాది?" అన్నాను.

మూడు తరాలు ఒకే ఊళ్ళో ఉన్నాం. మా చిన్నప్పుడు ఏదీ దాచుకునే వీలే లేదు, అందుకని చెవి ఒగ్గి వినేవాళ్ళం. ఇప్పుడు అన్నీ దాచేస్తున్నారు... తీసి వినేవాళ్ళేరీ? నా కొడుకు మీద నా ఫిర్యాదు పాట పోగొట్టాడని కాదు. భద్రం అని చెప్పే ముందు ఒక్కసారి పెట్టి వినలేదని.

మీ ఇంట్లో కూడా పెద్దవాళ్ళ గొంతు ఏ మిషన్లోనో ఉండే ఉంటుంది. ఉందని ఎవరు చెప్పినా నమ్మకండి. ఈరోజే పెట్టండి, చివరిదాకా వినండి. విన్నాక అది ఎవరి గొంతో, ఏమంటోందో కింద రాయండి. కుమారి నాకు చదివి పెడుతుంది... మీ అమ్మల మాటలైనా వింటాను.

మార్తమ్మ, ఎడమ చేతి వేలిముద్ర.

సాక్షులు: కుమారి, పక్క క్వార్టర్.
ప్రసాదు, కొడుకు.